"వాళ్లకు 6 శాతం, మనకు 2 శాతమే": సంస్కృతి విలువ లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

బడ్జెట్ రోజులు వచ్చాయంటే చాలు, సాంస్కృతిక గణాంకాల పనిలో ఉన్న మా అందరికీ ఒకటే ప్రశ్న: "ఫలానా దేశంలో సంస్కృతి వాటా జీడీపీలో 6 శాతమట, మనది 2 శాతం కూడా లేదు, ఎందుకింత వెనకబడ్డాం?" అడిగేవాళ్లలో ఎక్కువమంది మ్యూజియంలు, లైబ్రరీలు, నాటక సంస్థలు నడిపేవాళ్లే. ఆ అంకె చూపించి గ్రాంట్ కోసేస్తారేమోనని వాళ్ల టెన్షన్. అలా కోసిన సందర్భాలు నేను చూశాను కాబట్టి ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోను. ఈ ఒక్క అపోహ గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: జీడీపీలో శాతం చూస్తే ఏ దేశంలో సంస్కృతి ఎంత బలంగా ఉందో తెలిసిపోతుంది

వాస్తవం: ఆ శాతంలో ఏమేం కలిపారో తెలియకుండా ఏమీ తెలియదు. బ్రిటన్‌నే తీసుకోండి. అక్కడి సంస్కృతి శాఖ 1998లో సృజనాత్మక పరిశ్రమలంటూ 13 రంగాల జాబితా ఇచ్చింది. సంగీతం, సినిమా, ప్రచురణతో పాటు ప్రకటనలు, సాఫ్ట్‌వేర్ కూడా అందులో ఉన్నాయి. తర్వాత జాబితా కొంత మారినా ఐటీ, సాఫ్ట్‌వేర్ మాత్రం పోలేదు. ఇప్పుడు మొత్తంలో అతి పెద్ద భాగం వాటిదే. ఇలా లెక్కేస్తే బ్రిటన్ ఆర్థిక వ్యవస్థలో ఈ పరిశ్రమల వాటా 6 శాతానికి దగ్గరగా వస్తుంది. "సాంస్కృతిక రంగం" పేరుతో అదే ప్రభుత్వం ఇంకో లెక్క కూడా ఇస్తుంది. సాఫ్ట్‌వేర్, ప్రకటనలు లేని ఆ లెక్కలో వాటా 2 శాతం లోపే. ఒకే దేశం, ఒకే సంవత్సరం, అంకెలు మాత్రం దాదాపు మూడింతల తేడా. అలాంటప్పుడు వేర్వేరు దేశాలు వేర్వేరు జాబితాలతో వేసిన అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరు ముందో ఎవరు వెనకో ఎలా తేలుస్తారు?

అమెరికా 2013 నుంచి కళలకు, సాంస్కృతిక ఉత్పత్తికి విడిగా శాటిలైట్ అకౌంట్ (జాతీయ ఆదాయ లెక్కలకు అనుబంధంగా ఒక్క రంగానికే వేసే లెక్క) వేస్తోంది. 2022లో వాటి విలువ 1.1 లక్షల కోట్ల డాలర్లు, అంటే జీడీపీలో 4.3 శాతం. ఈ అంకె చూడగానే నాటకశాలలు, మ్యూజియంలు కళ్లముందుకొస్తాయి. అవి అందులో చిన్న భాగమే. వెబ్ పబ్లిషింగ్, స్ట్రీమింగ్, ప్రసార రంగం వాటికన్నా చాలా పెద్దవి. ఇక ప్రపంచ మేధో సంపత్తి సంస్థ 2003లో ఇచ్చిన మార్గదర్శిని ప్రకారం కాపీరైట్ పరిశ్రమలను లెక్కేసే దేశాలైతే టీవీ సెట్లు, కంప్యూటర్ల తయారీని, అమ్మకాలను కూడా కలుపుతాయి. ఇందులో మోసమేమీ లేదు. ప్రతి లెక్కా దాని ప్రశ్నకు అది జవాబు చెబుతోంది.

ఏవి సంస్కృతి కిందకు వస్తాయో చెప్పే ఉమ్మడి చట్రం లేదా అంటే, ఉంది. యునెస్కో 1986లో ఒకటి ఇచ్చి 2009లో దాన్ని తిరగరాసింది. చిక్కంతా డేటా దగ్గర వస్తుంది. అంతర్జాతీయ పరిశ్రమల వర్గీకరణలో 90, 91 కోడ్‌లు కళలకు, లైబ్రరీలకు, మ్యూజియంలకు సంబంధించినవి కాబట్టి వాటితో ఇబ్బంది తక్కువ. డిజైన్, ఫొటోగ్రఫీ ఉండే 74లో మాత్రం అనువాదం, వాతావరణ సూచన కూడా ఉన్నాయి. ఇలాంటి రెండంకెల కోడ్ దాకానే సర్వే చేసి, దాని లోపలి ఉపవిభాగాల్లోకి వెళ్లని దేశం వీటిని విడదీయలేదు. కలిపితే ఎక్కువ చూపినట్టు, వదిలేస్తే తక్కువ చూపినట్టు.

ఒక చిన్న మ్యూజియం డైరెక్టర్ ఫోన్ చేసి, "మా మీద ఖర్చు దండగని తేలిపోయినట్టేనా సార్?" అని అడిగారు. గొంతులో వణుకు తెలుస్తోంది. ఆవిడ ముందు పెట్టిన పోలిక పట్టికను నాకు పంపమన్నాను. అవతలి దేశం నివేదిక అనుబంధం తెరిచి, ఇద్దరం ఫోన్‌లోనే ఒక్కో రంగం చదువుకుంటూ వెళ్లాం. ఇవతల లేని సాఫ్ట్‌వేర్, ప్రకటనలు అక్కడ ఉన్నాయి. అవి తీసేసరికి తేడా చాలావరకు పోయింది. మర్నాడు మీటింగ్‌లో ఆవిడ ఆ జాబితానే చదివి వినిపించారు.

మీరూ అంతే చేయండి. ఏ అంకె చూపించినా ముందు రంగాల జాబితా అడగండి. తర్వాత అది టర్నోవరా (మొత్తం అమ్మకాలు), అదనపు విలువా (అమ్మకాల్లోంచి బయట కొన్న సరుకులు, సేవల ఖర్చు తీసేస్తే మిగిలేది) అని అడగండి. కాగితం మిల్లు, ప్రెస్సు, ప్రచురణకర్త, పుస్తకాల షాపు, అందరి టర్నోవర్లూ కలిపితే ఒకే పుస్తకం విలువ పదే పదే లెక్కలోకి వస్తుంది. జీడీపీతో పోల్చదగింది అదనపు విలువ ఒక్కటే.

అపోహ: ఉత్సవానికి వచ్చినవాళ్లు పెట్టిన ఖర్చంతా ఊరికి లాభం

వాస్తవం: కాదు. స్థానికులు అక్కడ ఖర్చుపెట్టకపోతే ఆ డబ్బు ఊళ్లోనే ఇంకోచోట పెట్టేవాళ్లు. బయటివాళ్లు తెచ్చినదాంట్లోనూ కొంత బయటి సరఫరాదారులకు పోతుంది. ఇవేవీ తీయకుండా పెద్ద గుణకంతో (ఒక రూపాయి ఖర్చు ఊళ్లో ఎన్ని రూపాయలుగా తిరుగుతుందనే అంచనాతో) హెచ్చవేసిన నివేదికను ఏ ఆర్థిక శాఖ అధికారీ నమ్మడు.

అపోహ: టికెట్ లేనిదానికి విలువ కట్టలేం

వాస్తవం: కట్టొచ్చు, దశాబ్దాలుగా కడుతున్నారు. ఎంత చెల్లించడానికి సిద్ధమని జనాన్ని జాగ్రత్తగా సర్వే చేసి అడిగే పద్ధతి ఉంది. కోపెన్‌హాగెన్ రాయల్ థియేటర్‌పై 1997లో వచ్చిన అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. థియేటర్‌కు అందే సబ్సిడీకి తగ్గకుండా పన్ను కట్టడానికి డెన్మార్క్ జనం సిద్ధమని తేలింది. వాళ్లలో ఆ థియేటర్ గడప తొక్కనివాళ్లూ ఉన్నారు. బ్రిటిష్ లైబ్రరీ 2004లో ఇలాగే లెక్కవేయించుకుంటే ప్రతి పౌండు ప్రభుత్వ నిధికి 4.40 పౌండ్ల విలువ వస్తోందని వచ్చింది. సర్వేలో ప్రశ్న సరిగ్గా రాయకపోతే అంకె ఉబ్బిపోతుంది, నిజమే. అది ప్రశ్న జాగ్రత్తగా రాయడానికి కారణం, పద్ధతిని పారేయడానికి కాదు. ఒక పాటకు, ఒక గుడికి ఉన్న ఆధ్యాత్మిక విలువ, 'ఇది మాది' అనే గుర్తింపు ఇందులో పూర్తిగా ఇమడవని ఈ రంగంలోని ఆర్థికవేత్తలే చెబుతారు. వాటిని పక్కన విడిగా రాయాలి, డబ్బులోకి మార్చకూడదు.

అపోహ: యునెస్కో దేశాలకు ర్యాంకులు ఇస్తుంది

వాస్తవం: ఇవ్వదు. 2019లో వచ్చిన 'కల్చర్ 2030' సూచికలు 22. ఒక దేశమో నగరమో తన పురోగతిని తానే చూసుకోవడానికి అవి. ర్యాంకులంటూ తిరిగే ఫార్వర్డ్‌లను దయచేసి నాకు పంపకండి.

అపోహ: కళాకారుల సంఖ్య తగ్గిందంటే కళ తగ్గినట్టే

వాస్తవం: కార్మిక సర్వేల్లో ఎక్కువగా ప్రధాన ఉద్యోగాన్నే లెక్కిస్తారు. పగలు టాక్సీ నడిపి రాత్రి కచేరీ చేసే మనిషి అక్కడ డ్రైవర్ మాత్రమే. రెండో ఉద్యోగం గురించి అడిగే దేశంలో ఆయనే సంగీతకారుడిగానూ కనిపిస్తాడు. రెండు దేశాల అంకెలు పోల్చేముందు ఆ ప్రశ్న ఫారంలో ఉందో లేదో చూడండి.