ఖాళీ వలకూ లెక్క ఉంది: బేరింగ్ సముద్రపు పీతల సర్వేపై అపోహలు, వాస్తవాలు

అలాస్కాకు పడమటి వైపున్న తూర్పు బేరింగ్ సముద్రంలో 2018 నాటికి స్నో క్రాబ్ అనే మంచు పీతలు వెయ్యి కోట్లకు పైగా ఉన్నాయని అంచనా. 2021 సర్వే నాటికి వాటిలో అత్యధిక భాగం కనిపించలేదు. 2022 అక్టోబరులో అక్కడ మంచు పీతల వేటను చరిత్రలో తొలిసారి నిలిపేశారు. అప్పటిదాకా ఇలాంటి సర్వేలు ఉంటాయనే తెలియని వారికి కూడా ఆ తర్వాత మా పని మీద గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. చల్లని సముద్రాల్లో చేపలు, పీతల సర్వే చేసేవాడిగా నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: వెయ్యి కోట్ల పీతలను కూర్చుని లెక్కపెట్టారా? అంతా కాకిలెక్క.

లెక్కపెట్టలేదు, నిజమే. కాకిలెక్క మాత్రం కాదు. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ ‘నోవా’ వేసవిలో ఈ సర్వే చేస్తుంది. సముద్రాన్ని 20 నాటికల్ మైళ్ల (సుమారు 37 కిలోమీటర్ల) గళ్లుగా విభజించి, మంచు పీతలు తగ్గిపోయిన ఆ కాలంలో 376 స్థానాల్లో వల వేసేవారు. సముద్రపు అడుగుకు ఆనుకుని సాగే ట్రాల్ వలను 3 నాట్ల (గంటకు సుమారు 5.5 కిలోమీటర్ల) వేగంతో 30 నిమిషాలు లాగాలి. వల నోరు ఎంత వెడల్పున తెరుచుకుందో దానికి కట్టిన ధ్వని సెన్సర్లు చెబుతాయి. ఆ వెడల్పును లాగిన దూరంతో గుణిస్తే వల ఊడ్చిన విస్తీర్ణం తేలుతుంది. చదరపు కిలోమీటరుకు ఎన్ని పీతలో దాన్నిబట్టి లెక్కగట్టి, మొత్తం ప్రాంతానికి అంచనా వేస్తాం.

ఆ ప్రాంతం దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపినా అందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. అన్ని వలలూ కలిసి ఊడ్చేది 20 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. అందుకే ప్రతి అంచనా పక్కన ఎంత అటూ ఇటూ కావచ్చో హద్దులు రాస్తాం. వార్తల్లోకి వెళ్లేసరికి ఆ హద్దులు ఎగిరిపోయి ఒట్టి అంకె మిగులుతుంది. దానికి మమ్మల్ని తిట్టకండి. ‘సర్వే పేరుతో మీరే పీతలను చంపుతున్నారు’ అనేవారికి కూడా ఆ 20 చదరపు కిలోమీటర్లే నా జవాబు.

అపోహ: శాస్త్రవేత్తలకు వేట తెలియదు. పీతలు లేని చోట, పాతకాలపు వలతో లాగి ‘ఏమీ లేవు’ అంటారు.

నాకు బాగా ఇష్టమైన ఆరోపణ ఇది. ఎందుకంటే ఇందులోని వాస్తవాలు చాలావరకు సరైనవే! వల నిజంగానే పాత నమూనాది. 1982 నుంచి అదే. పీతలు దొరకవని తెలిసిన చోట కూడా వేస్తాం. పైగా ఓడ నడిపేది మేము కాదు. అద్దెకు తీసుకున్న వేట ఓడ, దాని కెప్టెన్. ఎక్కడ వేస్తే వల నిండుతుందో ఆయనకు బాగా తెలుసు. అయినా మా స్థానం దగ్గరే వేయమంటాం.

వేటగాడికి పీతలు ఎక్కడ ఉన్నాయన్నది ముఖ్యం. మాకు నిరుటికీ ఈ ఏటికీ తేడా ఏమిటన్నది ముఖ్యం. మంద కుంచించుకుపోయి ఒక మూలకు చేరినా, నేర్పున్న వేటగాడి వల నిండుతూనే ఉంటుంది. అతని పట్టుబడిని మాత్రమే నమ్మితే అంతా బాగుందనే అనిపిస్తుంది. మంద ఎంత మేర ఖాళీ చేసిందో చెప్పేవి ఖాళీగా పైకొచ్చిన వలలే. ఇక వల మారిస్తే పెరిగింది పీతలా, వల సామర్థ్యమా అన్నది తేలదు.

ఆ వల కింది నుంచి కొన్ని పీతలు తప్పించుకుంటాయి కదా? తప్పించుకుంటాయి. ఎన్ని అన్నది తేల్చడానికి పీతల పరిశ్రమ డబ్బుతో నడిచే పరిశోధన సంస్థ, అడుగును మరింత గట్టిగా పట్టి సాగే వేరే వలను సర్వే వల పక్కపక్కనే లాగించి పోల్చింది. ఆ ఫలితాలు అంచనాల్లో చేరాయి. ఇదే సముద్రపు ఆగ్నేయ మూలనున్న బ్రిస్టల్ బేలో మరో చిక్కు ఉంది. చలి ఎక్కువైన ఏడాది అక్కడి ఎర్ర రాజపీతల్లో (రెడ్ కింగ్ క్రాబ్) ఆడవి గుడ్లు పొదిగి, పెంకు విడిచి, జతకట్టడం ఆలస్యమవుతుంది. అప్పుడు వాటి లెక్క సరిగా తేలదు కాబట్టి సర్వే చివర్లో కొన్ని స్థానాలకు మళ్లీ వెళ్లి వల వేస్తారు.

అపోహ: పీతలు చావలేదు, ఎక్కడికో నడిచి వెళ్లిపోయాయి.

ఈ అనుమానం మాకూ వచ్చింది. 2018, 2019లలో సముద్రపు మంచు బాగా తగ్గింది. వేసవిలో కూడా 2 డిగ్రీల లోపు ఉండే అడుగు చల్లనీరు కుంచించుకుపోయింది. పొల్లాక్, కాడ్ చేపలు ఉత్తరానికి తరలాయి కూడా. పీతలూ అలాగే వెళ్లి ఉంటే ఉత్తర బేరింగ్ సర్వేలో కనిపించాలి. అక్కడ పోయిన లెక్క తేలేటన్ని పీతలు లేవు.

2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ఆకలిని ప్రధాన కారణంగా చూపింది. ఆ నీటి వేడి పీతను నేరుగా చంపేంతది కాదు. కానీ 0 నుంచి 3 డిగ్రీలకు పెరిగితే మంచు పీతకు కావలసిన ఆహారం దాదాపు రెట్టింపవుతుంది. అప్పటికే మంద కిక్కిరిసి ఉంది. తినేవి ఎక్కువ, తిండి తక్కువ.

‘మితిమీరి పట్టేశారు’ అనే మాట కూడా ఇక్కడ నిలవదు. చట్టం పట్టనిచ్చేది పెద్ద మగ పీతలనే. మాయమైన వాటిలో ఆడవి, పిల్లవి కూడా ఉన్నాయి. 2020లో కోవిడ్ వల్ల సర్వే జరగకపోవడం మరో దెబ్బ. సరిగ్గా కావలసిన ఏడాదికే సమాచారం లేదు.

అపోహ: పీతను చూడగానే వయసు చెప్పేస్తారు.

చేపకు చెప్పగలం. దాని చెవిలోని చిన్న రాయిలో ఏటేటా వలయాలు ఏర్పడతాయి. పీత పెరిగిన ప్రతిసారీ పెంకు విడిచేస్తుంది కాబట్టి అలాంటి గుర్తు మిగలదు. పై చిప్ప వెడల్పు కొలుస్తాం. పొట్ట కింది మడతను బట్టి ఆడా మగా రాసుకుంటాం (కాకినాడ రేవులో పీతలు బేరమాడేవారికి ఈ విద్య కొత్త కాదు). పెంకు కొత్తదా, గీతలు పడి పాతబడిందా చూస్తాం. ఆడవాటి గుడ్ల గుత్తి ఎంత నిండుగా ఉందో గమనిస్తాం. మా పట్టికలో వయసు రాసే గడి మాత్రం ఉండదు.

అపోహ: 2024లో వేట మళ్లీ తెరిచారు, అంటే పీతలు తిరిగొచ్చేశాయి.

తెరిచారు. ఆ సీజనుకు పట్టడానికి అనుమతించింది 47.2 లక్షల పౌండ్ల (సుమారు 21.4 లక్షల కిలోల) పీతలు. 2020-21లో అది 4.5 కోట్ల పౌండ్లు. మార్కెట్ కోరే మగ పీతకు పై చిప్ప సుమారు 10 సెంటీమీటర్లు ఉండాలి. పిల్ల పీత ఆ పరిమాణానికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా మంచు లేని శీతాకాలం మరొకటి వస్తే లెక్క మళ్లీ మారిపోవచ్చు.