సింగరేణిలో ఓటరు మారాడు, బేరం మారింది

2023 డిసెంబర్ 27న సింగరేణిలో కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఓటు హక్కున్న కార్మికులు సుమారు 40 వేలు. 1990-91లో కంపెనీలో పనిచేసినవారు దాదాపు 1.16 లక్షలు. ఆ ఏడాది తీసిన బొగ్గు కోటీ 80 లక్షల టన్నులకు అటూ ఇటూ. 2023-24లో తీసింది 7 కోట్ల టన్నులు. సంఘాలకూ యాజమాన్యానికీ మధ్య ఇవాళ్టి పేచీలు అర్థం కావాలంటే ఈ లెక్క దగ్గరే మొదలుపెట్టాలి.

పాత సింగరేణి బలం గనిలో బొగ్గును చేత్తో టబ్బుల్లోకి, అంటే చిన్న బండ్లలోకి, ఎత్తే కోల్ ఫిల్లర్లది. టబ్బు నింపితేనే కూలి. ఒక షిఫ్టులో ఫిల్లర్లు దిగకపోతే ఆ గనిలో బొగ్గు ఆగినట్టే. అందుకే ఎంత చిన్న తగాదా అయినా గని మీదే తేలేది. నోటీసు లేకుండా పదిమంది, ఆపైన మూకుమ్మడిగా పని మానితే ఎనిమిది రోజుల వేతనం దాకా కోయవచ్చన్న నిబంధన మీద 1981లో 56 రోజులు సమ్మె నడిచింది. తర్వాతి పదిహేనేళ్లలో సమ్మెలు, నష్టాలు కలిసి కంపెనీ రెండుసార్లు, ఖాయిలా పడ్డ కంపెనీల సంగతి తేల్చే బీఐఎఫ్ఆర్ దాకా వెళ్లింది. లెక్కలేనన్ని సంఘాలు; ఎవరితో ఒప్పందం చేసుకున్నా ఇంకొకరు ఒప్పుకోని స్థితి.

1998లో తెచ్చిన రహస్య బ్యాలెట్ దానికి మందు. కంపెనీ మొత్తంలో ఎక్కువ ఓట్లు వచ్చినది గుర్తింపు సంఘం, ఏరియాలో గెలిచినది అక్కడి ప్రాతినిధ్య సంఘం. సమస్య ముందు గని మేనేజర్ దగ్గరికి, తర్వాత ఏరియా జీఎం దగ్గరికి, అక్కడా తేలకపోతే యాజమాన్యం, గుర్తింపు సంఘం కలిసి కూర్చునే కార్పొరేట్ స్థాయి స్ట్రక్చర్ సమావేశానికి వెళ్లాలి. గని మీది సమ్మెలు చాలావరకు తగ్గాయి.

ఈలోగా ఫిల్లర్ల స్థానంలోకి బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాయి, పైనుంచి మట్టి తొలగించి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టులు పెరిగాయి. కొత్త నియామకాలు లేక ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. వారసత్వ ఉద్యోగాలను తిరిగి తెచ్చే పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత 2018లో, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసిన కార్మికుడి వారసుడికి కారుణ్య నియామకం అన్న దారి తెరుచుకుంది. నేటి ఓటర్లలో పెద్ద వాటా ఆ దారిన వచ్చిన కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లదే.

వీళ్ల సమస్యలు తండ్రుల సమస్యలు కావు. చేరేది హాజరుకాని వారి బదులు పనిచేసే బదిలీ వర్కర్‌గా. భూగర్భంలో 190, ఉపరితలంలో 240 మస్టర్లు (హాజరు రోజులు) నిండితే గానీ జనరల్ మజ్దూర్ కాలేరు. బీటెక్ చదివి మజ్దూర్‌గా ఉన్నవాడు ఇంటర్నల్ పోస్టుల నోటిఫికేషన్ ఎప్పుడని అడుగుతాడు. పై పోస్టు పని (యాక్టింగ్) చేయించుకుని ఆ హోదా (డిజిగ్నేషన్) ఇవ్వకపోతే నిలదీస్తాడు. ఒకప్పుడు వేరేవారి పేరుతో చేరిన తండ్రి రికార్డు, కొడుకు సర్టిఫికెట్లలోని తండ్రి పేరు కలవక నియామకాలు ఆగిపోయాయి. ఈ మారుపేర్ల సమస్య ఎన్నికల హామీల్లోకి ఎక్కింది. సొంతిల్లు కావాలన్న కోరిక, అలవెన్సుల మీద పడే ఆదాయపు పన్ను భారం కూడా అలాగే హామీల్లోకి ఎక్కాయి. జీతం సంగతి ఇక్కడ తేలదు. 19 శాతం పెరుగుదల ఇచ్చిన 11వ వేతన ఒప్పందం 2023 మేలో జాతీయ స్థాయిలో కుదిరింది. స్థానిక సంఘానికి మిగిలినవి ఈ ఇంటి సమస్యలే. వాటిలో పని జరగకపోతే యువ ఓటరు జెండాను పట్టుకుని కూర్చోడు: 2012, 2017 రెండుసార్లూ గెలిచిన బీఆర్ఎస్ అనుబంధ సంఘం టీబీజీకేఎస్ 2023లో పోటీలోనే లేనట్టయింది, సీపీఐ అనుబంధ ఏఐటీయూసీ 1,999 ఓట్ల తేడాతో కాంగ్రెస్ అనుబంధ ఐఎన్‌టీయూసీ మీద గెలిచింది, అయినా ఆరు ఏరియాలు ఐఎన్‌టీయూసీకే వెళ్లాయి. కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెంలో ఒకరితో, ఏరియాలో మరొకరితో మాట్లాడాల్సిన పరిస్థితి యాజమాన్యానికి వచ్చింది.

అసలు లోటు వేరే చోట ఉంది. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని ఎక్కువగా కాంట్రాక్టర్లదే. దాదాపు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు ఈ బ్యాలెట్‌లో ఓటు లేదు, స్ట్రక్చర్ సమావేశంలో వాళ్ల కాగితం ముందుకు కదలదు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ ఖరారు చేసిన వేతనాలు తమకూ కావాలని 2022 సెప్టెంబర్‌లో వాళ్లు సమ్మెకు దిగింది అందుకే. 2024లో లాభాల వాటా 33 శాతం ప్రకటించినప్పుడు పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు అందగా, కాంట్రాక్టు కార్మికుడికి మొదటిసారిగా 5 వేలు ఇచ్చారు. అదీ ప్రభుత్వ నిర్ణయంగా వచ్చిందే గానీ ఏ ఒప్పందంలోంచీ కాదు.