బల్లకు భయపడి బయటికి వెళ్లిపోయేవాళ్ల కోసం: అపోహలు - వాస్తవాలు

మే నెల మొదటి ఆదివారం. మా సంఘంలో ప్రభురాత్రి భోజనం, అంటే మేం బల్ల అని పిలిచే రొట్టె, ద్రాక్షరసం సంస్కారం, నెలకోసారే, మొదటి ఆదివారం. పాపాల ఒప్పుకోలు అయింది, అయ్యగారు రమ్మని పిలిచారు, ఒక్కో బెంచీ లేస్తోంది. చివరి బెంచీలోంచి ఒకావిడ లేచి, కొంగు సర్దుకుని, గుమ్మం బయట చెప్పులు వేసుకుంది. అప్పటికే వరండాలో ఇంకో ఆరుగురు నిలబడి ఉన్నారు. లోపల కీర్తన నడుస్తుంటే బయట నుంచే పాడుతున్నారు, గొంతు కలుపుతున్నారు, లోపలికి మాత్రం రారు.

నేను పాస్టర్లను తయారుచేసే లూథరన్ సెమినరీలో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) రెండో ఏడాది పూర్తి చేశాను. వేసవి పరిచర్యకు సొంతూరు విశాఖకే పంపారు, కంచరపాలెం వైపున్న చిన్న సంఘానికి. ఈ ఉక్కలో సాయంత్రాలు ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసి వస్తున్నాను. ఏ ఇంటికి వెళ్లినా బల్ల ప్రస్తావన వస్తే ఒకటే జవాబు. "నాకు యోగ్యత లేదు బాబూ, వచ్చే నెల చూద్దాం." ఆ వచ్చే నెల కొందరికి పదేళ్లయినా రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పవిత్రంగా ఉన్నవాళ్లే బల్ల తీసుకోవాలి. అయోగ్యులు తీసుకుంటే శాపం తగులుతుంది.

ఈ భయం బైబిల్‌లో అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక, మొదటి కొరింథీ 11వ అధ్యాయం నుంచి వచ్చింది. "యెవడు అయోగ్యముగా ప్రభువుయొక్క రొట్టెను తినునో" అనే వచనం. దయచేసి బైబిల్ తెరిచి మళ్లీ చదవండి. పౌలు "అయోగ్యుడు తింటే" అనలేదు, "అయోగ్యముగా" తింటే అన్నాడు. అది మనిషి ఎలాంటివాడన్న సంగతి కాదు, తినే తీరు సంగతి. గ్రీకు క్లాసులో ఈ ఒక్క మాట మీద గంటసేపు కూర్చున్నాం. అక్కడా ఇది క్రియావిశేషణమే.

కొరింథులో జరిగింది కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. కలిగినవాళ్లు ముందే వచ్చి తమది తాము తినేసేవారు. కూలి పని ముగించుకుని ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఏమీ మిగిలేది కాదు. ఒకడు ఆకలితో, ఇంకొకడు మత్తులో. లేనివారిని సిగ్గుపరుస్తారా అని పౌలు కోప్పడింది ఆ కలిగినవాళ్ల మీద. మన దగ్గర కులం చూసి పక్కవాడికి దూరంగా మోకరించే మనిషి ఈ వచనం చదివి వణకాలి. అతను మాత్రం ప్రతి నెలా ధైర్యంగా ముందుకు వస్తాడు. ఇంట్లో పిల్లాడిని విసుక్కున్నానని, రాత్రి ప్రార్థన చేయకుండా నిద్రపోయానని బాధపడే తల్లి వరండాలో నిలబడుతోంది. ఇది నాకు చాలా కష్టంగా ఉంది.

ఆ కిందే ఇంకో వచనం. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని..." పరీక్షించుకుని తినమన్నాడు. పరీక్షించుకుని మానేయమని ఎక్కడా లేదు.

లూథరన్ సంఘంలో పెరిగినవాళ్లు కన్ఫర్మేషన్ క్లాసులో చిన్న కాటెకిజం, అంటే విశ్వాసం గురించిన ప్రశ్న జవాబుల పుస్తకం, కంఠస్థం పెట్టినవాళ్లే. 1529లో మార్టిన్ లూథర్, మన లూథరన్ సంఘానికి ఆ పేరు వచ్చిన జర్మన్ సంస్కర్త, రాసింది. సంస్కారానికి ఎవరు యోగ్యులు అనే ప్రశ్న అందులో సూటిగా ఉంది. ఉపవాసం, శరీరాన్ని సిద్ధపరచుకోవడం మంచి అలవాట్లే అంటాడు. కానీ నిజంగా యోగ్యుడు ఎవడంటే, "మీ కొరకు ఇయ్యబడినది, మీ కొరకు చిందింపబడినది" అన్న మాటలు నమ్మినవాడు. అంతే. ఇది మనకు కొత్తగా తెలిసిన సంగతీ కాదు. షుల్జ్ అనే మిషనరీ ఈ కాటెకిజాన్ని తెలుగు చేసి 1746లోనే జర్మనీలోని హాలేలో అచ్చు వేయించారు. తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాల్లో అదొకటి. అంత పాతది మనకీ మాట.

లూథర్ ఈ భయం తెలియక రాయలేదు. 1507లో మొదటిసారి బల్ల దగ్గర నిలబడి ఆరాధన జరిపించినప్పుడు ఆయన వణికిపోయాడు. పాపాలు ఒప్పుకోవడం మొదలుపెడితే గంటలకు గంటలు కూర్చునేవాడు, ఇంకేదో మిగిలిపోయిందని మళ్లీ వెళ్లేవాడు. వరండాలో నిలబడ్డ మా ఆరుగురి గుండెదడ ఆయనకు బాగా తెలుసు.

ఆ రోజు చెప్పులు వేసుకుని వెళ్లిపోయిన అక్క సంగతి, ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. ఇంటికి వెళ్తే ముందు మజ్జిగ ఇచ్చింది. చాలాసేపటి తర్వాత బీరువా తెరిచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో ఆసుపత్రి ఫైలు. పదకొండేళ్ల నాటిది, అంచులు పసుపెక్కాయి. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. దానికి మూడు వారాల ముందు, ఒక శనివారం, అత్తగారితో మాటా మాటా వచ్చిందట. మర్నాడు మాట్లాడుకోకుండానే ఇద్దరూ బల్ల తీసుకున్నారు. బిడ్డ పోయాక పరామర్శకు వచ్చిన ఎవరో ఆ గొడవ సంగతి విని, కొరింథీ పత్రికలో "ఇందువలననే మీలో అనేకులు బలహీనులును రోగులునై యున్నారు" అన్న మాట చూపించి వెళ్లారు. "నానే చంపుకున్నాను తమ్ముడూ" అంది. అదే మాట పదకొండేళ్లుగా తనలో తను చెప్పుకుంటోంది.

ఫైలు చేతికిచ్చింది కాబట్టి చదివాను. మొదటి పేజీలోనే బీపీ రాసి ఉంది, చాలా ఎక్కువ. కాళ్ల వాపులు, మూత్రంలో ప్రోటీన్. కడుపుతో ఉన్నప్పుడు బీపీ అలా పెరిగితే మాయకు రక్తం సరిగా అందదు, బిడ్డకు ప్రమాదం. డాక్టరు అప్పుడే చెప్పారట, కానీ ఆ మాట ఆమె చెవిలో నిలవలేదు. పరామర్శకు వచ్చినవాళ్ల మాట నిలిచిపోయింది.

పౌలు ఆ మాట కొరింథు సంఘానికి, వాళ్లు చేసిన ఒక అన్యాయం గురించి రాశాడు. పక్కింటి సమాధి చూసి కారణం చెప్పే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. గుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే యేసు ఏమన్నాడు? "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు." నేను ఈ వచనం ఆమెకు ఒకసారి చదివాను. రెండోసారి తనే చదువుతానని బైబిల్ తీసుకుంది.

పరామర్శకు వెళ్లేవాళ్లను చేతులెత్తి అడుగుతున్నాను. చెప్పడానికి ఏమీ లేకపోతే ఊరికే పక్కన కూర్చోండి. వచనం చూపించకండి.

అపోహ: పీరియడ్స్‌లో ఉంటే బల్ల తీసుకోకూడదు.

ఇలాంటి నియమం లూథరన్ సంఘంలో లేదు. పన్నెండేళ్లు రక్తస్రావంతో ఉన్న స్త్రీ వెనక నుంచి వచ్చి వస్త్రం ముట్టుకుంటే యేసు ఆమెను "కుమారీ" అని పిలిచాడు. ఆ రోజు కూడా రండి.

అపోహ: సెమినరీలో చదివేవాళ్లకు సందేహాలు ఉండవు. మీ ప్రార్థన దేవుడు ముందు వింటాడు.

ఈ మాట చాలామంది ప్రేమగా అంటారు, అందుకే నా సంగతి చెప్పాలి. మొదటి ఏడాది మూడో నెలలో నాన్న పోయారు. ఆదరణ కూడిక అయ్యాక తిరిగి వెళ్లాను. పొద్దున్న ఆరింటికి చాపెల్, తర్వాత గ్రీకు, హెబ్రీ, మధ్యాహ్నం లైబ్రరీ, సాయంత్రం తోట పని, రాత్రి చదువు. అన్నీ చేస్తున్నాను, లోపల ఏమీ లేదు. ప్రార్థన చేస్తే గోడతో మాట్లాడినట్టుండేది. ఇలాంటివాడు బల్ల తీసుకోవడం మోసం అనిపించింది. బల్ల ఇచ్చేటప్పుడు కీర్తనకు తబలా వాయించే పని అడిగి తీసుకున్నాను. వాయిస్తున్నవాడు లేచి రాలేదేమని ఎవరూ అడగరు కదా. మూడుసార్లు అలా తప్పించుకున్నాను.

నాలుగోసారి అందరికీ ఇచ్చాక మా మాస్టారు పళ్లెం పట్టుకుని నేరుగా తబలా దగ్గరికి వచ్చారు. ఏమీ అడగలేదు, నిలబడ్డారు. నా అరచేతుల నిండా తబలా పౌడర్. తుడుచుకునే వ్యవధి లేదు, అలాగే చాపాను. "నీ కొరకు ఇయ్యబడినది" అన్నారు. రొట్టెకు కాస్త పౌడర్ అంటుకుంది, ఆ రుచి ఇంకా గుర్తుంది. నాన్న లేని బాధ ఆ రోజు తగ్గలేదు. కానీ ఆ మాట నా లోపల ఏముందో చూసి అన్న మాట కాదని అప్పుడు అర్థమైంది. మీ ప్రార్థనా నా ప్రార్థనా వినేది ఒకే తండ్రి. నాకు వేరే వరస లేదు.

మిగతావి త్వరగా.

అపోహ: పాస్టరు మంచివాడు కాకపోతే ఆయన ఇచ్చిన బల్ల చెల్లదు. చెల్లుతుంది. 1530 నాటి లూథరన్ల విశ్వాస ప్రకటన, ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం, ఎనిమిదో అధికరణ ఇదే చెబుతుంది, సంస్కారం బలం క్రీస్తు మాటది, ఇచ్చే చేతిది కాదు. ఆయన తప్పు చేస్తే సంఘంలో అడగండి, బల్ల మానకండి.

అపోహ: పసిప్పుడు ఇచ్చిన బాప్తిస్మం బాప్తిస్మమే కాదు, మళ్లీ తీసుకోవాలి. బీచ్‌లో మళ్లీ ముంచుతామని పిలుస్తున్నారని నలుగురైదుగురు అడిగారు. లూథర్ పుట్టిన మర్నాడే, 1483 నవంబరు 11న, బాప్తిస్మం పొందాడు. జీవితమంతా భయం వేసినప్పుడల్లా దాన్నే పట్టుకున్నాడు.

అపోహ: విశ్వాసం ఉంటే మందులు అక్కర్లేదు. దీని మీద నాకు ఓపిక లేదు. షుగర్ మాత్రలు ఆపమన్న మనిషి మీ ఇంటికి మళ్లీ వస్తే గుమ్మంలోనే ఆపండి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ లూథరన్ మిషనరీయే, ఆమె పేరుతో అక్కడ ఆసుపత్రి ఉంది. ప్రార్థన చేస్తూ మందిచ్చిన సంఘం మనది.

అపోహ: ఎక్కువ చదివితే విశ్వాసం పోతుంది. పైన "అయోగ్యముగా" గురించి రాసింది చదువు వల్లే తెలిసింది.

రేపు జూన్ మొదటి ఆదివారం. శనివారం సాయంత్రం కాబట్టి పూర్ణామార్కెట్ నుంచి నల్ల ద్రాక్ష తెచ్చాం. కాడలు తీసి, కడిగి, ఉడికించి, గుడ్డలో వడకట్టాలి. చర్చి వెనక గదిలో పెద్దావిడ ఒకరు, నేను, ఇద్దరు పిల్లలు కూర్చున్నాం. ఆరు దాటాక గుమ్మంలో చెప్పుల చప్పుడు. అక్క వచ్చింది, పక్కన వాళ్ల అత్తగారు. ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా చాప మీద కూర్చుని కాడలు తీయడం మొదలుపెట్టారు. కాసేపటికి వాళ్ల వేళ్లు కూడా మాలాగే ఊదా రంగుకు తిరిగాయి. కప్పులు తుడిచేటప్పుడు అక్క ఎన్ని పెట్టాలని అడిగింది. పోయిన నెల లెక్క అరవై రెండు అన్నాను. తను ట్రేలో అరవై మూడు పెట్టి, ఒకసారి చూసి, దాని మీద తెల్లగుడ్డ కప్పింది.