ఊరి పేరున్న మట్టీ ఊరిని కుంగదీస్తోంది

భూగర్భ శాస్త్రంలో ‘కోర్కొరన్ క్లే’ అని ఒక బంకమట్టి పొర ఉంది. కాలిఫోర్నియా నడిమధ్యన శాన్ వాకీన్ లోయలోని కోర్కొరన్ అనే చిన్న ఊరి పేరే దానికి పెట్టారు. ఇప్పుడు ఆ ఊరు కుంగిపోతోందంటే, అందులో ఆ మట్టికీ పాత్ర ఉంది.

2020 లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా సుమారు 22 వేలు, జైళ్లలో ఉన్నవాళ్లతో కలిపి. తూర్పున సియెర్రా నెవాడా పర్వతాలు, పడమట తీరపు కొండలు, మధ్యలో చాప పరిచినట్టు చదును నేల. తూర్పు కొండల మంచు కరిగి కింగ్స్, కవియా, టూలే, కెర్న్ నదులుగా దిగి వచ్చేది. కింగ్స్ నది పోసిన ఒండ్రు ఉత్తరాన గట్టులా అడ్డుపడటంతో, బాగా పొర్లిన ఏళ్లలో తప్ప ఆ నీరు ఇక్కడే నిలిచిపోయేది. అదే టులేర్ సరస్సు. నిండిన ఏళ్లలో దాదాపు 1,800 చదరపు కిలోమీటర్లు. అమెరికాలో మిసిసిపీ నదికి పడమట అంత పెద్ద మంచినీటి సరస్సు మరొకటి లేదు. లోతు తక్కువ కాబట్టి, నీరు కాస్త పెరిగినా తగ్గినా ఒడ్డు మైళ్లకొద్దీ జరిగేది.

ఆ ఒడ్డున టాచీ మొదలైన యోకుట్స్ తెగలవాళ్లు బతికారు. టూలే అంటే మన తుంగ కుటుంబపు మొక్కే. సరస్సుకు స్పానిష్ వాళ్లు పెట్టిన పేరు దాన్నుంచే వచ్చింది. యోకుట్స్ వాళ్లు ఆ తుంగను కోసి, మోపులు కట్టి, మోపులను జతచేసి పడవలు చేసుకునేవారు. చాపలకూ ఇళ్లకూ అదే. తర్వాతి రోజుల్లో ఇక్కడి తాబేళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో హోటళ్లలో సూప్ అయ్యాయి.

1850లో వచ్చిన ఒక చట్టం చిత్తడి నేలలను ఆరబెట్టి సాగు చేయమని రాష్ట్రాలకు అప్పగించింది. నదులను కాలువల్లోకి మళ్లించారు. సరస్సు చివరిసారి నిండి పొర్లింది 1878లో. ఆ శతాబ్దం ముగిసేసరికి ఎండిపోయింది. అప్పటికి రైలూ వచ్చింది. 1905లో హోబర్ట్ విట్లీ అనే భూవ్యాపారి కోర్కొరన్‌కు ప్లాట్లు గీశాడు. హాలీవుడ్ ఎదుగుదలలోనూ ఈయనది పెద్ద చెయ్యి. ఈ బేరం ఆ బేరమంత మెరవలేదు! 1914లో పురపాలక హోదా వచ్చింది. సరస్సు అడుగు పత్తి చేలైంది. 1933లో పత్తి కూలీలు పెద్ద సమ్మె చేసి, ఊరి పక్కనే వేల మంది గుడారాలు వేసుకున్నారు.

ఇక మట్టి సంగతి. సుమారు 7 లక్షల ఏళ్ల క్రితం ఈ లోయను ఇంకా పెద్ద సరస్సు కప్పేసింది. దాని అడుగున పేరుకున్న బురదే కోర్కొరన్ క్లే. నదుల నీళ్లు చాలని ఏళ్లలో రైతులు ఈ పొర కిందికి కూడా బోర్లు దింపి తోడారు. బంకమట్టి రేణువులు పలచని రేకుల్లా ఉంటాయి. చిందరవందరగా పడేసిన పేకముక్కల మధ్య ఖాళీల్లో నీళ్లున్నట్టు ఊహించుకోండి. తోడేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గి, పైనున్న నేల బరువుకు ముక్కలన్నీ ఒకదానిమీద ఒకటి పడుకుని కట్టలా సర్దుకుంటాయి. తర్వాత ఎంత వాన కురిసినా ఆ కట్ట విడిపోదు.

2014-15 కరవులో కోర్కొరన్ దగ్గర నేల ఎనిమిది నెలల్లో 13 అంగుళాలు దిగిందని నాసా ఉపగ్రహ రాడార్ చిత్రాల్లో తేల్చింది. ఊళ్లో తిరిగితే మాత్రం ఏమీ తెలియదు. ఇళ్లు, రోడ్లు, స్తంభాలు అన్నీ కలిసే దిగుతాయి కాబట్టి గోడలు కూడా పగలవు. పాతాళంలో బోరు పైపులు నలిగినప్పుడే గుట్టు బయటపడుతుంది.

అసలు టెన్షన్ వరద కట్టతో. 2017లో దాన్ని ఎత్తు చేశారు. కానీ కట్ట కూడా ఆ నేలమీదే కదా, అదీ దిగింది. 2023లో కొండల మీద విపరీతంగా మంచు పడి, పాత సరస్సు పొలాల మీదికి తిరిగొచ్చింది. ఊరిని కాపాడటానికి హడావుడిగా మళ్లీ మట్టి పోశారు. అటు టాచీలు మాత్రం ఆ నీటి ఒడ్డున చేరి పూజలు చేసుకున్నారు. మరుసటి ఏడాదికి నీళ్లు దాదాపు పోయాయి, ట్రాక్టర్లు దిగాయి.