తెలంగాణ రైతాంగ పోరాటం: అపోహలు - వాస్తవాలు, తారీఖులతో సహా

ప్రతి ఏటా సెప్టెంబర్ రాగానే వాట్సాప్‌లో అవే ఫార్వర్డులు మళ్లీ తిరుగుతాయి. 1948లో నిజాం భారత సైన్యం ముందు కాల్పుల విరమణ ప్రకటించిన 17వ తేదీ విమోచనా, విలీనమా, సమైక్యతా అన్న వాదం ఎటూ తెగదు, దాన్ని పక్కన పెడదాం. రెవెన్యూ కాగితాలు, పాత పత్రికలు, ముసలివాళ్ల మాటలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివే పనిలో ఉన్నవాళ్లకు ఎదురయ్యే తప్పుల్లో ఎక్కువ భాగం ఒక్కచోటే పుడతాయి. ఐదేళ్ల పైచిలుకు వ్యవహారాన్ని ఆ ఒక్క తారీఖులోకి కుక్కడమే ఆ చోటు.

అపోహ: 1948 సెప్టెంబర్ 17తో పోరాటం ముగిసింది.

లెక్క వేసి చూడండి. కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ (అక్కడి పెద్ద భూస్వామి, దొర) మనుషుల కాల్పుల్లో ఆంధ్ర మహాసభ కార్యకర్త దొడ్డి కొమరయ్య చనిపోయింది 1946 జులై 4న. అక్కడి నుంచి పోలీసు చర్య (1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం మీదికి భారత సైన్యం రావడం) ముగిసేదాకా సుమారు 26 నెలలు. పోలీసు చర్య తర్వాత కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్ 21న, అంటే ఇంకో 37 నెలలు. కాలం లెక్కన చూస్తే పోరాటంలో పెద్ద భాగం భారత సైన్యం వచ్చిన తర్వాతిదే. మొదటి భాగంలో ఎదుట ఉన్నది దొరలు, నిజాం పోలీసులు, రజాకార్లు (కాసిం రజ్వీ నడిపిన నిజాం అనుకూల సాయుధ దళం). రెండో భాగంలో ఎదుట ఉన్నది యూనియన్ సైన్యం, దాని వెనకే ఊళ్లకు తిరిగొచ్చిన దొరలు. సైన్యం వచ్చాక ఆయుధాలు దించాలా వద్దా అన్నదాని మీద పార్టీలోనే చీలిక వచ్చింది. ఆపాలన్నవాళ్లలో రావి నారాయణరెడ్డి ముఖ్యుడు.

ఈ రెండు భాగాలను కలిపేస్తే సాక్ష్యం పాడవుతుంది. ఊళ్లో ఒక పెద్దావిడ "క్యాంపుల పెట్టి కొట్టిన్రు" అంటే, రికార్డు చేసేవాళ్లు వెంటనే "రజాకార్ల హింస" అని రాసేసుకుంటారు. రజాకార్లదైనా, మిలటరీదైనా ఊరి మాటలో అది క్యాంపే. అందుకే ఏ సంవత్సరమని అడగకూడదు. అడిగితే మర్యాదకు ఏదో ఒక అంకె చెప్తారు, అది తర్వాత పుస్తకాల్లోకి ఎక్కుతుంది. "రజాకార్లు ఉండంగనా, మిల్ట్రీ వచ్చినంకనా?" అని మొదలుపెట్టాలి. తర్వాత "లెవీ ధాన్యం కొలిచే రోజులా?" (లెవీ అంటే సర్కారు రైతుల నుంచి తప్పనిసరిగా కొలిపించుకున్న ధాన్యం), "మొదటి ఎలచ్చన్లకు ముందా, తర్వాతనా?" అని అడగాలి. ఈ మూడు గుర్తుల మధ్య సంఘటన ఏ కాలంలోదో సుమారుగా పట్టుకోవచ్చు. చివరగా వాళ్లింట్లో అప్పటికి ఎవరు పుట్టారు, ఎవరి పెళ్లయింది అని అడిగితే ఇంకా దగ్గరికి వస్తుంది.

అపోహ: అది పోలీసు చర్య కాబట్టి పెద్దగా రక్తపాతం లేదు.

ఆ పేరు రాజకీయం కోసం పెట్టింది. సెప్టెంబర్ 13న షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో, విజయవాడ వైపు నుంచి మరో దళంగా కదిలింది సైన్యమే, ట్యాంకులతో సహా. దాన్ని దేశం లోపలి వ్యవహారంగా చూపించాలి, అప్పటికే హైదరాబాద్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి తలుపు తట్టింది, అందుకని "పోలీసు" అన్నారు.

ఐదు రోజుల యుద్ధం కన్నా దాని వెంట, దాని తర్వాత జరిగిందే ఘోరం. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా సంస్థానమంతా తిరిగి, 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. చనిపోయినవాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగింది. రెండో వరుసలో ఔరంగాబాద్, బీడ్‌తో పాటు నల్లగొండ, మెదక్ పేర్లూ ఉన్నాయి. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు.

ఈ అంకెను సాయుధ పోరాట మృతుల అంకెతో కలిపేవాళ్లు చాలామంది. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్కలో ఉన్న సుమారు 4 వేల మంది వేరు. వాళ్లు పోరాటంలో చనిపోయిన కమ్యూనిస్టులు, రైతులు. ఆయన చెప్పిన 3 వేల గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపకం కూడా పార్టీ లోపలి నుంచి వచ్చిన లెక్కలే. వాడుకోవచ్చు, కానీ ఎవరి లెక్కో పక్కనే రాయాలి. రజాకార్ల చేతిలో చనిపోయినవాళ్లది మూడో లెక్క. ఈ మూడింటినీ కూడి ఒక పెద్ద అంకె చెప్పే పోస్టు కనిపిస్తే అక్కడే ఆపేయండి.

అపోహ: ఆ రోజే సంస్థానం చట్టప్రకారం భారత్‌లో కలిసిపోయింది, నిజాం పని అయిపోయింది.

సెప్టెంబర్ 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు, చౌధురి మిలటరీ గవర్నర్ అయ్యాడు. ఉత్తర్వులు మాత్రం నిజాం పేరుతోనే వెలువడుతూ వచ్చాయి. భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఆయన ఫర్మానా ఇచ్చింది 1949 నవంబర్‌లో. 1950 జనవరి 26 నుంచి 1956లో రాష్ట్రం విడిపోయేదాకా ఆయనే రాజ్‌ప్రముఖ్ (గవర్నర్ లాంటి పదవి). ఆ పదవిలో ఉండగా జరిగిన వ్యవహారాలు చదివేటప్పుడు "మాజీ నిజాం" అని రాస్తే తప్పు దొర్లుతుంది.

అపోహ: ఇది హిందువులకూ ముస్లింలకూ మధ్య జరిగిన పోరాటం.

ఎవరి మీద మొదలైందో చూస్తే చాలు. విసునూరు రామచంద్రారెడ్డి, జన్నారెడ్డి ప్రతాపరెడ్డి: ఆ ప్రాంతంలో దొరలంటే ఎక్కువగా రెడ్లు, వెలమలు. విసునూరు దొరకు ఎదురు నిలిచి పొలం కోసం కోర్టులో నెగ్గి హత్యకు గురైన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ ముస్లిం. 1947 సెప్టెంబర్ 11న ఆయుధాలు పట్టమని పిలుపునిచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో పాటు ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. రజాకార్లను విమర్శించినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్. రజాకార్లు చేసింది మతం పేరుతోనే, అందులో అనుమానం లేదు. కానీ కాసిం రజ్వీ మనుషులు ఊళ్లలో దిగింది చాలాచోట్ల దొరల అండతోనే.

అపోహ: దేశ్‌ముఖ్, జాగీర్దారు, జమీందారు అన్నీ ఒకటే.

కాగితాలు చదివేవాళ్లు అందరికన్నా ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే. సంస్థానంలో భూమి స్థూలంగా మూడు రకాలు. పన్ను నేరుగా సర్కారుకు వెళ్లే దివానీ సుమారు 60 శాతం. జాగీర్దార్ల కిందిది దాదాపు 30 శాతం. నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ మిగతాది. జాగీరులో పన్ను, పోలీసు, కోర్టు కూడా జాగీర్దారువే కావచ్చు. దేశ్‌ముఖ్ అలా కాదు. అతను మొదట దివానీ ఊళ్లలో శిస్తు వసూలు చేసే మనిషి. నిజాం ప్రధానమంత్రి సాలార్‌జంగ్ సంస్కరణల్లో ఆ పని పోయింది, బదులుగా ఏటా రుసుం వచ్చింది. కానీ ఊరి లెక్కలు తెలిసింది అతనికే. కొత్త సర్వేలో మంచి భూములు ఎవరి పేరున ఎక్కాయో వేరే చెప్పక్కర్లేదు. ఇక జమీందారు అన్న మాట ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చింది. తెలంగాణ కాగితాల్లో దాన్ని వెతికితే దారి తప్పుతారు.

1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చినా ఊరి దొర భూమికి ఏమీ కాకపోవడానికి కారణం ఇదే. పోయింది జాగీరు, దొరదేమో పట్టా భూమి.

అపోహ: వెట్టి నిజాం చట్టం.

కాదు. వెట్టిని నిషేధించే ఉత్తర్వులు పోరాటానికి ఎంతో ముందునుంచే ఉన్నాయి. వాటిని ఊళ్లలో చెప్పడమే నిజాం సంస్థానంలోని ఆంధ్రోద్యమం (ఆంధ్ర మహాసభ ఉద్యమం) తొలి పనుల్లో ఒకటి. మాదిగలు చెప్పులు, మోట తోళ్లు ఊరికే ఇవ్వడం, చాకలివాళ్లు గుడ్డలుతికి దొర పల్లకీ మోయడం, కుమ్మరులు కుండలు, గొల్లలు గొర్రెలు ఇవ్వడం: ఇవన్నీ చట్టం వద్దన్నా గడీ (దొర కోట లాంటి ఇల్లు) బలంతో నడిచినవి. కాబట్టి 'వెట్టి' అన్న పేరుతో సర్కారు దఫ్తరంలో పద్దు దొరకదు. ఫిర్యాదుల్లో, ఆంధ్ర మహాసభ తీర్మానాల్లో వెతకాలి.

అపోహ: మొదటి రోజు నుంచే తుపాకులు.

పాలకుర్తి ఐలమ్మ బొమ్మ చేతిలో తుపాకీ పెట్టి గీసినవి చూస్తుంటాం. ఆమె ఇంటిపేరు చిట్యాల, చాకలి కులం పేరు. ఆమె గొడవ కౌలుకు చేసిన నాలుగెకరాల పంట గురించి. దొర మనుషులు కోతకు వస్తే సంఘం కార్యకర్తలు కర్రలతో నిలబడి, కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. 1944 భువనగిరి ఆంధ్ర మహాసభ తర్వాత అణా చందాతో సభ్యులైన పేదలే ఆ సంఘం. అప్పటి ఆయుధాలు గుతుపలు (లావు కర్రలు), వడిసెలలు, బరిసెలు, రోకళ్లు, కారప్పొడి. మందు కూర్చి పేల్చే బర్మార్లు, పోలీసుల నుంచి గుంజుకున్న రైఫిళ్లు తర్వాతి మాట. పద్ధతిగా తుపాకీ దళాలు ఏర్పడింది 1947 సెప్టెంబర్ పిలుపు తర్వాతే.

కోపానికి కారణాలు కూడా తుపాకీ కన్నా పాతవి. యుద్ధకాలపు లెవీని చిన్న రైతు గింజలతో సహా కొలిచి ఇవ్వాలి, దొర గాదె జోలికి ఎవరూ పోరు.

అపోహ: ఫస్లీకి 590 కలిపితే సంవత్సరం వచ్చేస్తుంది.

సగమే నిజం. ఫస్లీ అంటే రెవెన్యూ కాగితాల్లో వాడే సంవత్సరం. హైదరాబాద్ ఫస్లీ అక్టోబర్ 6 ప్రాంతంలో, ఆజూర్ నెలతో మొదలవుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య సంగతికి 590, జనవరి తర్వాతి సంగతికి 591 కలపాలి. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1358 ఫస్లీది, 591 కలిపితే 1949. కృష్ణా, గుంటూరు కాగితాల్లో ఫస్లీ జులై 1న మొదలవుతుంది. కొమరయ్య చనిపోయిన జులై 4 కడవెండిలో 1355 ఫస్లీ అయితే, నది దాటితే 1356. సరిహద్దు ఊళ్ల కాగితాలు పోల్చేటప్పుడు ఏడాది తేడా రావడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

రూపాయలూ అంతే. హాలీ సిక్కా (నిజాం నాణెం) 116 రూపాయల 10 అణాల 8 పైలకు కల్దారు (బ్రిటిష్ నాణెం) 100 రూపాయలు. కాగితం మీద 700 జుర్మానా (జరిమానా) అంటే బ్రిటిష్ డబ్బులో 600.

అపోహ: పంచిన భూమికి 38-ఇ పట్టాలు వచ్చాయి.

సంఘం కమిటీలు పంచిన భూమికి సర్కారు కాగితం లేదు. సైన్యం వచ్చాక చాలా భూమి మళ్లీ దొరల చేతికి పోయింది. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు అనిపించుకోవాలంటే నిర్ణీత కాలంలో వరుసగా ఆరేళ్లు కౌలు చేసి ఉండాలి. 1947లో సంఘం ఇచ్చిన చెలక దున్నినవాడికి ఆ లెక్క కుదరదు. 38-ఇ సర్టిఫికెట్ ఆ రక్షిత కౌలుదారుకు యాజమాన్యం ఇచ్చే తర్వాతి సవరణ. ఇప్పటికీ కోర్టుల్లో నడుస్తున్నవి ఆ కేసులే.

అపోహ: 'మా భూమి' సినిమా 'మా భూమి' నాటకానికి తెర రూపం. అందులోని బండెనక బండి పాట గద్దర్ రాసింది.

రెండూ తప్పే. 1947 నాటి నాటకం సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులది, దానికి ఆధారం బందగీ కథ. గౌతమ్ ఘోష్ తీసిన సినిమాకు ఆధారం కృష్ణచందర్ ఉర్దూ నవల. పాట పోరాటకాలంలో బండి యాదగిరి కట్టింది, గద్దర్ సినిమాలో పాడాడు.

అపోహ అనుకునేది, కానీ నిజం: 1952లో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు.

నిజమే. నల్లగొండలో ఆయనకు 3,09,162 ఓట్లు, నెహ్రూకు 2,33,571. పార్టీ మీద నిషేధం ఉండటంతో పోటీ పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో చేశారు. నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం కాబట్టి ఆ అంకె పెద్దదైందని కొందరు కొట్టిపారేస్తారు. నెహ్రూ గెలిచిన నియోజకవర్గం కూడా ఇద్దరు సభ్యులదే.

ఆర్కైవ్స్‌కు వెళ్లేవాళ్లకు ఇంకొక్క మాట. కడవెండి, విసునూరు, పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్నాయి, అంతకుముందు వరంగల్‌లో ఉండేవి. కానీ 1946లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాది. ఖమ్మం, మధిర తాలూకాలు వరంగల్‌వి, ఖమ్మం జిల్లా 1953లో పుట్టింది. ఇప్పటి జిల్లా పేరు రాసి ఫైలు అడిగితే "లేదు" అనే జవాబు వస్తుంది, ఫైలు మాత్రం పాత జిల్లా కట్టలో, నల్లగొండదో వరంగల్‌దో, ఉంటుంది.