ఏ ప్యాకెట్ ముందు పోవాలి? ఓపెన్‌ఎస్ఎం పాలసీ ఫైలు వెనుక కథ

ఏ ప్యాకెట్‌ను, అంటే నెట్‌వర్క్‌లో పోయే ఏ డేటా ముక్కను, ముందు పంపాలన్న తగువు ఇంటర్నెట్ అంత పాతది. 1981లో వచ్చిన ఐపీ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 791, ప్రతి ప్యాకెట్ హెడర్‌లో ప్రాధాన్యం కోసం 3 బిట్లు కేటాయించింది. 'రొటీన్', 'ఇమ్మీడియట్', 'ఫ్లాష్ ఓవర్‌రైడ్' అంటూ మొత్తం 8 మెట్లు. పేర్లు వింటేనే సైన్యం వాసన వస్తుంది. చిక్కేమిటంటే, తనది ఏ మెట్టో రాసుకునేది పంపేవాడే. అందరూ అందలం ఎక్కితే మోసేదెవరు? 1998 చివర్లో వచ్చిన డిఫ్‌సర్వ్ అనే ప్రమాణం ఆ బిట్లున్న బైటుకే కొత్త అర్థం చెప్పి, గుర్తులను సరిచూసే పని నెట్‌వర్క్ అంచున ఉన్న రౌటర్లకు అప్పగించింది.

సూపర్‌కంప్యూటర్లలో మెషీన్లను కలిపే ఇన్ఫినిబ్యాండ్ నెట్‌వర్క్ దారి వేరు. దాని తొలి ప్రమాణం 2000లో విడుదలైంది. అక్కడ నెట్‌వర్క్ మొత్తానికి సబ్‌నెట్ మేనేజర్ అనే పెత్తందారు ఉంటాడు. ఒక మెషీన్ ఇంకోదానితో మాట్లాడాలంటే మామూలుగా ముందు అతణ్ణి దారి అడగాలి. దారితో పాటు 0 నుంచి 15 లోపు ఒక సర్వీస్ లెవెల్ (ట్రాఫిక్ తరగతి నంబరు) కూడా జవాబులో వస్తుంది. ఎవరికి ఏ లెవెల్ ఇవ్వాలో మేనేజర్‌కు చెప్పేదే పాలసీ ఫైలు. లైనక్స్ క్లస్టర్లలో (కలిసి పనిచేసే మెషీన్ల గుంపుల్లో) బాగా కనిపించే ఓపెన్ సోర్స్ మేనేజర్ ఓపెన్‌ఎస్ఎం.

దాని ఫైల్లో పోర్టుల గుంపులు, లెవెళ్లు, వాటిని జతచేసే రూల్స్ రాస్తాం. రూల్స్‌ను పైనుంచి కిందికి చూస్తూ, మొదట సరిపోయినదాని దగ్గరే ఆగిపోతుంది. విశాలమైన రూల్ పైన పెట్టి, దాని కింద ఎంత జాగ్రత్తగా రాసినా అది వృథా. ఏ రూల్‌కూ అందనివాటి కోసం డిఫాల్ట్ లెవెల్ తప్పనిసరి. ఇంత తతంగం వద్దనుకునేవాళ్లకు ప్రోటోకాల్‌కు ఒక లైను చొప్పున రాసుకునే చిన్న సెక్షన్ కూడా ఉంది. అయితే అదే ఫైల్లో పెద్ద రూల్స్ కూడా ఉంటే ముందు వాటిదే మాట.

కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడ కాదు. లెవెల్ అంటే ఉత్త నంబరు. 7 కన్నా 3 గొప్పదని ప్యాకెట్లను ముందుకు పంపే నెట్‌వర్క్ స్విచ్‌కు తెలియదు. ఏ లెవెల్ ఏ వర్చువల్ లేన్‌లోకి (ఒకే తీగను పంచుకునే విడి వరుసలోకి) పోవాలో ఒక పట్టిక, ఏ లేన్‌కు ఎంత వంతో మరో పట్టిక చెబుతాయి. వంతును 0 నుంచి 255 దాకా వెయిట్‌గా రాస్తారు, ఒక్కో యూనిట్ 64 బైట్లు. ఈ పట్టికల కోసం పాలసీ ఫైల్లో ఒక సెక్షన్ పేరైతే ఉంది గానీ, అది ఇంకా పనిచేయదని ఓపెన్‌ఎస్ఎం డాక్యుమెంటేషనే చెబుతుంది. వాటిని మేనేజర్ ఆప్షన్ల ఫైల్లో విడిగా రాయాలి. పైగా మేనేజర్‌ను క్యూఓఎస్ (సేవా నాణ్యత) ఆప్షన్‌తో స్టార్ట్ చేయకపోతే పాలసీ ఫైలు ఉన్నా లేనట్టే. అంటే ఒకే నిర్ణయం రెండు ఫైళ్లలో, ఒక స్టార్టప్ ఆప్షన్‌లో ఇరుక్కుంది. ఇది డిజైన్ లోపమనే నా అభిప్రాయం.

ఇంకో విచిత్రం ఎంపీఐ సంగతి. ఒకే లెక్కను పంచుకున్న ప్రోగ్రాములు సందేశాలు పంపుకునే పద్ధతి అది. సూపర్‌కంప్యూటర్లలో లెక్కల ట్రాఫిక్ ఎక్కువగా దానిదే. కానీ ఆ చిన్న సెక్షన్ జాబితాలో దాని పేరు కనబడదు. ఓపెన్‌ఎస్ఎం ఎంపీఐ మీద ఏ లెవెల్‌నూ రుద్దదు, ఎంపీఐ చూసుకునే అడ్మినే చేత్తో పెట్టుకోవాలి. 1981లో మాదిరే, అక్కడ మెట్టు రాసుకునేది మళ్లీ పంపేవాడే.