డెల్టా పెరట్లో లొకాట్ కాస్తుందా?

లొకాట్ చెట్టు ఆపిల్, బేరి చెట్ల కుటుంబానికి చెందినదే. అయితే ఆ బంధువులు చలికాలమంతా మోడువారి వసంతంలో పూస్తుంటే, ఇది ఏడాది పొడవునా పచ్చగానే ఉండి, శరత్కాలంలో పూత పట్టి, చలి రోజుల్లో పిందె కట్టి, ఉత్తర భారతంలో మార్చి, ఏప్రిల్ నెలల్లో, అంటే మామిడి ఇంకా పచ్చికాయగా ఉండగానే పండుతుంది. దీని పుట్టిల్లు చైనా కొండసీమ. జపాన్‌లో వెయ్యేళ్లకు పైగా సాగులో ఉంది. మన దేశంలో సహారన్‌పూర్, డెహ్రాడూన్ ప్రాంతాల తోటలు దీనికి పేరుపొందాయి.

ఆకు జానెడు పొడవుంటుంది. పైవైపు ముదురాకుపచ్చగా, ఈనెల మధ్య ముడతలు పడి, అంచున రంపపు పళ్లతో కనబడుతుంది. తిప్పి చూస్తే అడుగంతా గోధుమరంగు నూగే. పూల గుత్తి కాడలకూ అదే నూగు ఉంటుంది. పసుపు, నారింజ రంగుల్లో ఉండే పండు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లకు మించదు. పలుచని తోలు, పులుపు కలిసిన తీపి రసం, లోపల నున్నని పెద్ద గింజలు. ఆ గింజల్లో ఉండే అమిగ్డలిన్ నమిలినప్పుడు విషపూరితమైన సయనైడ్‌ను విడుదల చేస్తుంది కనుక పిల్లలకు పండు ఇచ్చేముందు గింజలు తీసేయాలి.

కడియం నర్సరీల నుంచి కొత్త పండ్ల మొక్కలు తెచ్చి పెరట్లో నాటుకోవడం గోదావరి వాసులకు ఇష్టమైన పని. లొకాట్ విషయంలో మాత్రం ముందే ఆలోచించాలి. ఆపిల్‌లా దీనికి దీర్ఘకాలపు చలి అక్కరలేదు, కానీ ఉష్ణమండలపు పల్లపు నేలలంటే గిట్టదు. గ్వాటెమాలాలో 900 నుంచి 1200 మీటర్ల ఎత్తున విరగకాసే ఈ చెట్టు, అక్కడి పల్లపు ప్రాంతాల్లో కాపు దాదాపు ఇవ్వదు. మన డెల్టా సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది. పైగా నల్లమట్టిలో వానాకాలం నిలిచే నీరు దీని వేర్లకు చేటు.

అందుచేత కోనసీమలో దీనిని నీడకూ అందానికీ, నీరు నిలవని మెరక చూసి పెంచుకోవడమే మేలు. పండ్ల కోసమే అయితే సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు వంటి చోట ప్రయత్నించడం సబబు. అక్కడైనా అంటుమొక్కనే ఎంచుకోవాలి. గింజ మొక్క కాపుకు రావడానికి ఏళ్ల తరబడి పడుతుంది. కొన్ని రకాలు సొంత పుప్పొడితో సరిగా కాయవు కాబట్టి, వేరే రకం చెట్టును కూడా పక్కన నాటుకోవాలి.